సంబంధం లేని సభ్యురాలు

సింగవరం నాట్య కళా సేవా సమితి బోర్డులో చేరడానికి నాకున్న అర్హతలు ఇవి: నాకు నాట్యం రాదు, మా ఇంటా వంటా ఎవరికీ రాదు, వచ్చినవాళ్ళు ఎదురుగా నడిచి వెళ్తున్నా నేను గుర్తుపట్టలేను. ఇన్ని అర్హతలు ఒకే మనిషిలో దొరకడం సమితి అదృష్టమని అధ్యక్షులు భీమశంకరం గారు సభాముఖంగా అన్నారు. అంతకుముందు నన్ను అంతలా పొగిడినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం గదికి వెళ్ళాక అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను.

సమితి గురించి మొదట కొంచెం చెప్పాలి. పాత సినిమాహాలు వెనక సందులో దానికి, పక్కన ఆఫీసు గది, ముందు వరండా ఉన్న ఒక రేకుల హాలు ఉంది. అందులో ఒక మృదంగం, ఒక నటరాజస్వామి పటం, ఇందుమతి టీచర్ గారు ఉంటారు. సాయంత్రమయ్యేసరికి పిల్లలు వచ్చి కూచిపూడి నేర్చుకుంటారు. ఏటా ఎండాకాలంలో టౌన్‌హాల్లో వార్షికోత్సవం జరుగుతుంది. అందులో పెద్దపిల్లల్లో ఒకరికి ఒంటరిగా ఆడే అవకాశం ఇస్తారు. హాలు అద్దెకి తీసుకుని, బంధువులకి భోజనాలు పెట్టి రంగప్రవేశం చేయించుకోలేని ఇళ్ళ పిల్లలకి అదే రంగప్రవేశం.

ఈ ఏడాది ఆ అవకాశం తన్మయిదని సందులో అందరికీ తెలుసు. బస్టాండు దగ్గర ఇడ్లీబండి పెట్టుకున్న సత్తిబాబు కూతురు. ఏడేళ్ళ పిల్లప్పుడు మొదలుపెట్టింది, ఇప్పుడు టెన్త్ పరీక్షలు రాసేసింది. జూన్‌లో విజయవాడలో హాస్టల్ కాలేజీలో పడేస్తారు. అక్కడ లేవగానే లెక్కలు, పడుకోబోయే ముందు ఫిజిక్సు. గజ్జెలు పట్టుకెళ్తే గేటు దగ్గరే తీసి దాచేస్తారట. ఆడితే ఈ ఎండాకాలమే ఆడాలి. తర్వాత ఆ పిల్ల ఇంజినీరు అవుతుంది.

ఈలోగా అధ్యక్షులు గారు రాజమండ్రి వెళ్ళివచ్చారు.

భీమశంకరం గారు నీటిపారుదల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రాజమండ్రిలో ఒక ఏసీ హోటల్లో స్వచ్ఛంద సంస్థల సుపరిపాలన మీద ఒకరోజు శిక్షణ జరిగితే ఆహ్వానం వచ్చింది. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మెడలో బ్యాడ్జి, చేతిలో జిప్పు సంచీ, బుర్రలో ఒక సూత్రం ఉన్నాయి. ఏ విషయం మీద నిర్ణయం జరుగుతోందో ఆ విషయంతో సంబంధం ఉన్నవాళ్ళు ఆ గదిలో ఉండకూడదు. ఉంటే నిష్పాక్షికత దెబ్బతింటుంది. నాకు తెలిసినంతవరకూ అది మంచి సూత్రమే. సిమెంటు అమ్మేవాడు సిమెంటు కొనే కమిటీలో కూర్చోకూడదు కదా.

కాని మా సమితిలో నాట్యం తప్ప ఇంకో విషయం లేదు.

అందుచేత మొదటి సమావేశంలోనే ఇందుమతి టీచర్ గారిని వరండాలో కూర్చోబెట్టారు. రెండో సమావేశంలో, పిల్లలు నేర్చుకుంటున్నారు కాబట్టి, ఇద్దరు తండ్రుల చేత రాజీనామా చేయించారు. వెళ్ళిపోతూ వాళ్ళు స్కూటర్ మీద నవ్వుకున్నారని విన్నాను. మూడో సమావేశానికి ముగ్గురే మిగిలారు: అధ్యక్షులు, కార్యదర్శి లాయరు సోమయాజులు గారు, కోశాధికారి బట్టలకొట్టు కనకమహాలక్ష్మి గారు. నిబంధనల ప్రకారం నలుగురు ఉంటేగాని కోరం లేదు. ఎవరిని తేవాలా అని వాళ్ళు తలలు పట్టుకుని కూర్చున్న సమయానికి, ఆహ్వానపత్రం ప్రూఫ్ చూపించడానికి నేను గుమ్మంలోకి వచ్చాను. నేను ప్రింటింగు షాపులో టైపు చేస్తాను.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు అధ్యక్షులు.

"ప్రెస్సు నుంచండి. ప్రూఫ్ తెచ్చానండి."

"నాట్యం వచ్చా?"

"రాదండి."

లాయరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "నేర్చుకోవాలని ఎప్పుడైనా మనసులో అనిపించిందా? ఆలోచించుకుని చెప్పు. ఇక్కడ చెప్పింది రికార్డవుతుంది."

"అనిపించలేదండి."

"పెళ్ళి ఊరేగింపుల్లో గాని, వినాయకుడి నిమజ్జనంలో గాని?"

"మా ఊళ్ళో ఊరేగింపుకి డీజే పెట్టారండి. నేను చెప్పులు కాపలా కాశానండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పోనీ ప్రదర్శన ఎప్పుడైనా చూశావా?"

"మా స్కూల్లో ఒకసారి పెట్టారండి. మొదలెట్టగానే కరెంటు పోయిందండి."

"తర్వాత?"

"వచ్చేటప్పటికి అయిపోయిందండి."

లాయరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అధ్యక్షా, నా ముప్ఫయ్యేళ్ళ ప్రాక్టీసులో ఇంత నిష్కళంకమైన సాక్షిని చూడలేదు."

ఆ విధంగా కొప్పనాతి నీలవేణి అనే నేను స్వతంత్ర సభ్యురాలినయ్యాను. నా కుర్చీకి చేతులున్నాయి. షాపులో నాది స్టూలు. అల్లం టీ, ఉప్పు బిస్కెట్లు ఇచ్చారు. బల్లమీద పెట్టుకునే పేరు అట్ట మా షాపులో నేనే కొట్టుకున్నాను. కోశాధికారి గారి అట్ట కంటే అక్షరం ఒక సైజు పెద్దదిగా వచ్చింది. దిద్దడానికి తీరిక లేకపోయింది.

బోర్డులో నా పని ఏమిటో మొదట్లో నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఏ తీర్మానానికైనా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. లాయరు గారికి, కోశాధికారి గారికి మధ్య ఎప్పటిదో పట్టుచీర రంగు వెలిసిన తగాదా ఉండటంవల్ల ఒకరి మాట ఒకరు బలపరచరు. అధ్యక్షులు బలపరిస్తే ఆయన హోదాకి తగదు. ఇక నేనున్నాను. నేను మా ఊరి హైస్కూల్లో చదువుకున్నాను. అక్కడ మాట్లాడినవాళ్ళని బెంచీ ఎక్కించేవారు. పదో తరగతి దాటేదాకా నేను ఒక్కసారీ బెంచీ ఎక్కలేదు. ఇక్కడ కూడా అలాగే కూర్చున్నాను. లాయరు గారు ఒకసారి నావైపు చూసి, "కుమారి నీలవేణి గారు మౌనంగా బలపరిచారు" అని రాసుకున్నారు. అప్పట్నుంచి ప్రతి తీర్మానాన్నీ నేను మౌనంగా బలపరుస్తూ వచ్చాను. నా గాంభీర్యం చూస్తే వాళ్ళకి ముచ్చట వేసేది. నిజానికి నేను బిస్కెట్లు ఎన్ని తీసుకుంటే మర్యాదగా ఉంటుందా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని.

నేను మౌనంగా బలపరిచిన మొదటి పెద్ద తీర్మానం, తన్మయి పేరును కొట్టేయడం.

ఆ పేరు సిఫారసు చేసింది టీచర్ గారు. టీచర్ గారికి నాట్యంతో సంబంధం ఉంది. కాబట్టి సిఫారసు చెల్లదు. ఇది నాకు లెక్కలా సూటిగా కనిపించింది. అప్పుడే వరండా కిటికీలోంచి గొంతు వినిపించింది.

"ఏవండీ సోమయాజులు గారూ, లోపలేం తేలుస్తున్నారండీ?"

"మీకు సంబంధించిన విషయం టీచర్ గారూ. మీరు వినకూడదు."

"నాకు సంబంధించింది నేను వినకపోతే ఎవరు వింటారండీ? గేటు దగ్గర ఐసుబండి వాడా?"

"అతను వినొచ్చు. అతనికి సంబంధం లేదు."

"ఎనిమిదేళ్ళు దాని కాళ్ళు నేను దిద్దానండీ. అదెలా ఆడుద్దో నన్ను కాక ఎవర్నడుగుతారు?"

"చూశారా?" అన్నారు అధ్యక్షులు మావైపు తిరిగి, ఎంతో సానుభూతితో. "ఎనిమిదేళ్ళట. ఎంత లోతైన సంబంధమో చూడండి. కిటికీ వెయ్యమ్మా నీలవేణీ."

నేను లేచి కిటికీ వేశాను. బోర్డులో నేను చేతులతో చేసిన మొదటి పని అదే.

మర్నాడు తన్మయి షాపుకి వచ్చింది. నేను ఎవరిదో గృహప్రవేశం శుభలేఖ కొడుతున్నాను. కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"అక్కా, నువ్వు బోర్డులో ఉన్నావంటగా?"

"అవును," అన్నాను, సాధ్యమైనంత మామూలుగా.

"నా సంగతి చెప్పవా అక్కా? జూన్ రెండోవారంలో వెళ్ళిపోతాను. మా నాన్న కాలేజీకి డబ్బు కూడా కట్టేశాడు."

"సరేనే, చెప్తాను" అనాలి. కాని చేతులున్న కుర్చీలో కొన్నాళ్ళు కూర్చుంటే నోట్లోంచి వేరే మాటలు వస్తాయి. "విషయం బోర్డు పరిశీలనలో ఉందమ్మా. తగు సమయంలో తగు నిర్ణయం తీసుకోబడుతుంది," అన్నాను.

"అంటే లేదనా?"

"అలా అని కాదు."

"అవుననా?"

"అలా అని కూడా కాదు."

తన్మయి కౌంటరు మీంచి మోచేతులు తీసేసి, "నువ్వు ఇలా మాట్లాడేదానివి కాదక్కా," అంది. తర్వాత, "అసలు నువ్వు మాట్లాడేదానివే కాదులే," అని వెళ్ళిపోయింది.

ఇక పిల్లల్లో ఒకరిని నిష్పాక్షికంగా ఎంపిక చేయాలి. పిల్లలు ఆడతారు, మనం చూసి మార్కులు వేస్తాం అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

"చూసి ఎంచడం పాత పద్ధతి," అన్నారు అధ్యక్షులు. "చూస్తే ఏమవుతుంది? ఒకరు బాగా చేసినట్టు కనిపిస్తారు. పక్షపాతం అక్కడే మొదలవుతుంది. అందుచేత మధ్యలో తెర కట్టవలసి ఉంటుంది."

కనకమహాలక్ష్మి గారు కొట్టులోంచి నల్లగుడ్డ రెండు తానులు తెప్పించి హాలు మధ్యలో అడ్డంగా కట్టించారు. తెర అవతల పిల్లలు, ఇవతల మేము. మొదటి పిల్ల గజ్జె కట్టి రెండడుగులు వేయగానే లాయరు గారు చెయ్యెత్తి ఆపారు. గజ్జె చప్పుడుబట్టి మనిషిని పోల్చుకునే ప్రమాదం ఉందన్నారు. గజ్జెలు విప్పించారు. అప్పుడు కాళ్ళ చప్పుడు వినబడింది. గోనెపట్టాలు పరిపించారు. ఇక పాట మిగిలింది. పాట వింటే మనసు మెత్తబడుతుందని కనకమహాలక్ష్మి గారే ఒప్పుకున్నారు. పాట ఆపించారు.

తర్వాత ఒక్కొక్క పిల్లా వచ్చి, గజ్జెల్లేకుండా, పాట లేకుండా, గోనెపట్టాల మీద, తెరవెనక ఆడింది. మేము తెరకెదురుగా కూర్చుని మార్కులు వేశాం. ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు. అంత నిష్పాక్షికత నేను ఇంకెక్కడా చూడలేదు. ఒకసారి మాత్రం తెర మధ్యలో ఉబ్బింది, ఎవరిదో మోచెయ్యి. అటు చూపు పోకుండా వెంటనే తల తిప్పుకున్నాను.

నేను అందరికీ పదికి ఐదేసి వేశాను. ఏమీ కనబడనప్పుడు సగం ఇవ్వడమే న్యాయమనిపించింది. మిగిలిన ముగ్గురి కాగితాలు చూస్తే వాళ్ళూ ఐదేసే వేశారు. అధ్యక్షులు లేచి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "ఒక్క మార్కు తేడా లేదు. దీన్ని రాష్ట్రానికే ఆదర్శంగా చూపించవచ్చు."

"అయితే ఎవరాడతారండీ?" అన్నారు కనకమహాలక్ష్మి గారు. ఆవిడ వ్యాపారస్తురాలు, అప్పుడప్పుడు ఇలాంటి ప్రశ్నలు వేస్తారు.

లాయరు గారు ఆ చిక్కు విప్పారు. మార్కులు సమానమైనప్పుడు నాట్యంతో సంబంధం తక్కువ ఉన్నవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. అది తర్కమే. హాజరుపట్టీ తెప్పించారు. తన్మయి అందరికంటే వెనకబడిపోయింది. అందరికంటే ముందు నిలిచింది ఆ సోమవారమే చేరిన ఒక చంటిపిల్ల. చేరినప్పట్నుంచీ ఏడుస్తూనే ఉందట.

"సోమవారం నుంచి అయినా సంబంధం సంబంధమే కదండీ," అన్నారు లాయరు గారు.

అది కూడా తర్కమే. ఇంకా తక్కువ సంబంధం ఉన్నవాళ్ళకోసం వెతికారు. ఊడ్చే అప్పాయమ్మ గజ్జెలు తుడుస్తుంది, పనికిరాదు. ఐసుబండి అతను గేటు దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి పాటలు వింటున్నాడని విచారణలో తేలింది, అతనూ పోయాడు. ముగ్గురి చూపులూ గదంతా తిరిగి నామీద ఆగాయి. అప్పుడే నేను మూడో బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నాను.

"అభ్యంతరం ఉంటే చెప్పమ్మా," అన్నారు అధ్యక్షులు.

ఉప్పు బిస్కెట్టు ఒకంతట దిగదు. నేను మింగేలోపు లాయరు గారి కలం కదిలింది. ఏకైక నృత్య ప్రదర్శన కుమారి నీలవేణిగారిచే. ప్రతిపాదన అధ్యక్షులది. మౌనంగా బలపరిచినవారు, నేనే.

దాంతోపాటు ఇంకో తీర్మానం కూడా అయింది. ప్రదర్శన జరిగేటప్పుడు బోర్డు సభ్యులు ఆమోదం పొందిన కళాకారిణిని మాత్రమే చూడాలి. చిన్నపిల్లల గుంపులు రంగం మీదికి వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళ తాతలు పక్క కుర్చీల్లో కూర్చుంటారు, చూపు చెదిరితే పక్షపాతం చూపించినట్టవుతుంది.

మర్నాడు పొద్దున్న ఇడ్లీబండి దగ్గరికి వెళ్ళాను. మానేద్దామనుకున్నాను గాని అలవాటైన కాళ్ళు. సత్తిబాబు నన్ను చూసి ప్లేటు తుడిచాడు.

"మీరే ఆడతన్నారంటగా అమ్మా. పిల్ల చెప్పింది."

నేను మొదటి ఇడ్లీ చట్నీలో ముంచాను.

"మంచిదేనండి. పెద్దోళ్ళు ఆలోచించే చేసుంటారు. మా పిల్లంటారా, రెండ్రోజులు అన్నం తిన్లేదు. హాస్టల్‌కెళ్తే అదే తింటదిలెండి. ఇంకో ఇడ్డెనేస్కోండి, డబ్బులొద్దు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ మూడో ఇడ్లీ తిన్నాను. అది మాత్రం చెప్పకుండా ఉండలేను.

ఆ సాయంత్రం సమావేశంలో, వార్షికోత్సవం అంశం రాగానే, జీవితంలో మొదటిసారి నోరు విప్పుదామని లేచి నిలబడ్డాను. 'ఇది తన్మయిదండి, నాది కాదండి' అనే వాక్యం రాత్రంతా తయారుచేసుకున్నాను. లేచానుగాని మాట పెదాల దగ్గర ఆగింది.

అధ్యక్షులు బల్ల చరిచారు. "చూశారా! తన విషయం చర్చకి రాగానే ఎవరూ చెప్పకుండానే లేచింది. ఇదీ సంస్కారం! వెళ్ళమ్మా, వెళ్ళి వరండాలో కూర్చో."

వెళ్ళాను. వరండాలో ఇందుమతి టీచర్ గారు విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని ఉన్నారు.

"నువ్వూ వచ్చావా?"

"నాకూ సంబంధం వచ్చిందంటండి."

ఆవిడ పొలమారేదాకా నవ్వారు. నవ్వి నవ్వి ఆగిపోయి, హాల్లో చిన్నపిల్లలకి అడుగులు దిద్దుతున్న తన్మయిని చూశారు. తర్వాత నాకేసి తిరిగారు.

"నిలబడటం వచ్చా?"

"వచ్చండి."

"అంతే చాలు. నమస్కారం పెట్టు, నిలబడు, దిగిపో. కాలు మాత్రం కదపకు. నీ పరువు కోసం కాదమ్మాయ్, నా పరువు కోసం. నా శిష్యురాలివనుకుంటారు జనం."

ఉత్సవం రోజున టౌన్‌హాలు నిండిపోయింది. దీపం వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, నిష్పాక్షికత మీద అధ్యక్షులు చాలాసేపు మాట్లాడారు. చిన్నపిల్లలు ఆడి దిగారు. నన్ను అలంకరించే పని టీచర్ గారు తన్మయికే అప్పగించారు. ఆ పిల్ల ఇంట్లో కుదించి కట్టుకునే ప్రాక్టీసు చీరతో వచ్చింది. నా మొహానికి రంగు వేసి, జడకుచ్చులు పెట్టి, వడ్డాణం బిగించి, చివరికి కింద కూర్చుని నా కాళ్ళకి గజ్జెలు కట్టింది. అవి దాని గజ్జెలే. సమితి గజ్జెలు నాకు పట్టలేదు.

"కళ్ళజోడు తీసెయ్యక్కా."

"తీస్తే మెట్లు కనపడవే."

"ఉంచుకో అయితే," అంది. ముడి గట్టిగా లాగింది. కొంచెం ఎక్కువ గట్టిగానే లాగిందని ఇప్పటికీ నా అనుమానం.

తెర లేచింది. లాయరు గారు మైకులో ప్రకటించారు: "ఇందుమూలముగా సభికులకు తెలియజేయునది ఏమనగా, నాట్యంతో ఎట్టి సంబంధమూ లేని కుమారి నీలవేణి గారు ఇప్పుడు నాట్యం చేయుదురు."

నమస్కారం పెట్టాను. చేతులు దించాను. నిలబడ్డాను.

పక్కన టీచర్ గారు తాళాలు పట్టుకుని పాట ఎత్తుకున్నారు. మృదంగం మొదలైంది. నేను నిలబడే ఉన్నాను. దిగిపోవాలన్నది గుర్తుంది గాని మెట్లు ఎటువైపున్నాయో గుర్తు రాలేదు. ముందు వరసలో ముగ్గురు బోర్డు సభ్యులు రెప్పవేయకుండా నన్నే చూస్తున్నారు. వెనకనుంచి మాటలు వినబడుతున్నాయి.

"ఏం చేత్తందే ఆ పిల్ల?"

"నిలబడిందే."

"అమ్మోరు పూనిందేమోనే."

"పూనితే ఊగాలి కదే. ఇది ఊగట్లేదు కూడానూ."

"ఒసే, కళ్ళజోడెట్టుకుంది!"

చెమట కళ్ళజోడు మీదికి కారింది. తల తిప్పి పక్కతెర వైపు చూశాను. జడపిన్నులు పళ్ళమధ్య పట్టుకుని తన్మయి నిలబడి ఉంది. పెదాలతో పాట పాడుకుంటోంది. కాలివేళ్ళు నేలమీద కదులుతున్నాయి. ఎవరూ చూడని చోట, చీకట్లో, తన పాట తను ఆడుకుంటోంది.

"తన్మయీ, రావే," అన్నాను.

నెమ్మదిగానే అన్నాను. కాని నా కాళ్ళదగ్గర మైకు ఉంది. హాలంతా వినబడింది. తర్వాత కొందరు అది ధైర్యమన్నారు. నేను కాదనలేదు. నాకు అప్పుడు కావలసింది పట్టుకోవడానికి ఒక మనిషి.

తన్మయి పిన్నులు ఊసేసి వచ్చింది. వచ్చి నా ముందు మోకాళ్ళమీద కూర్చుంది. నా కాళ్ళనుంచి గజ్జెలు విప్పి తన కాళ్ళకి కట్టుకుంది. దేవుడి పాదాలకి మొక్కుతోందనుకున్నారేమో, ఎవరో చప్పట్లు కొట్టారు. టీచర్ గారు పాట ఆపకుండానే గొంతు పెంచారు.

"పళ్ళెం తెచ్చుకోవే!"

పరిగెత్తుకెళ్ళి ఇత్తడి పళ్ళెం తెచ్చుకుంది. దాని అంచుమీద పాదాలు మోపి, టీచర్ గారు కృష్ణుడి మీద పాట పాడుతుంటే, పళ్ళెంతో సహా జరుగుతూ నా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నేను మధ్యలో ఉన్నాను కాబట్టి కృష్ణుణ్ణి నేనే. నన్ను పిలిచింది. నామీద అలిగింది. అలక తీరక మళ్ళీ పిలిచింది. ఇత్తడి నేలకి రాసుకుని గరగరమంటుంటే ఆ పైన గజ్జెలు మోగాయి. తెర లేదు, గోనెపట్టాలు లేవు. అది ఎనిమిదేళ్ళుగా ఏం నేర్చుకుందో అప్పుడు మొదటిసారి చూశాను, అదీ జానెడు దూరంనుంచి. ఒక్క ముద్ర కూడా నాకు అర్థం కాలేదు. పిలుస్తోందని మాత్రం అర్థమైంది. పలకాలనిపించింది. మధ్యలో పౌడరు ముక్కులోకి పోయి తుమ్మాను. పళ్ళెం ఒక్క క్షణం ఒరిగింది. తన్మయి చేతులు చాపి సర్దుకుని, ఆ తుమ్ముకి కూడా అలిగింది. హాలు గొల్లుమని నవ్వింది.

పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. ద్వారం దగ్గర సత్తిబాబు భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడి ఉన్నాడు. తన్మయి టీచర్ గారి పాదాలమీద పడితే ఆవిడ తిట్టారు. "ఎడంకాలు లేటయ్యిందే మొద్దూ," అని తిడుతూ ఏడ్చారు.

అధ్యక్షులు వేదికెక్కి నాకు శాలువా కప్పారు. "అద్భుతం! ఒక్క కదలికలో కూడా పక్షపాతం లేదు. అసలు కదలికే లేదు. నాట్యంలో ఇంత నిష్పాక్షికత నేను ఊహించలేదు."

"అయ్యా, ఆడింది తన్మయండి," అన్నాను. చూడండి, మాట రావలసిన చోట వచ్చింది. కొంచెం ఆలస్యంగా వచ్చింది, అంతే.

"ఎవరు?"

"పళ్ళెం మీద ఆడిన అమ్మాయండి."

అధ్యక్షులు లాయరు గారి వైపు చూశారు. "పళ్ళెం ఏమిటండీ?"

"తీర్మానం ప్రకారం మనం ఆమోదిత కళాకారిణిని మాత్రమే చూశాం," అన్నారు లాయరు గారు. "తదితరులెవరైనా ఉన్నట్లయితే అది బోర్డు దృష్టికి రాలేదు." ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంటున్నారు. ఎందుకు తుడుచుకుంటున్నారో నేను అడగలేదు.

కనకమహాలక్ష్మి గారు మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు. పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "నేను కూడా నిన్నే చూశానమ్మా," అన్నారు. "ఎంత బాగా తిరిగావో."

జూన్‌లో తన్మయి విజయవాడ బస్సెక్కింది. సత్తిబాబు బండి కాసేపు కట్టేసి ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపుచుట్ట బస్సులోకి ఎక్కించాడు. నేను కిటికీ కింద నిలబడ్డాను.

"వచ్చే ఏడు కూడా ఆడటానికి నిన్నే ఎన్నుకున్నారంటగా అక్కా?"

"అవునే. ఏకగ్రీవంగా. మానేద్దామనుకుంటున్నాను."

"మానకు," అంది వెంటనే. "మా డాన్సు క్లాసులో సుధారాణి లేదూ, దానికి వచ్చే ఏడు టెన్త్ అయిపోద్ది. దాన్నీ హాస్టల్లో వేస్తారు. నువ్వు లేకపోతే అదెక్కడ ఆడుద్ది?"

"నాకేం వచ్చే?"

"నిలబడటం వచ్చుగా. కాకపోతే అది నాకంటే పొడుగు, చుట్టు పెద్దది తీసుకుంటది. నువ్వు ఇంకాస్త వెనక్కి నిలబడాలి. తుమ్మకూడదు."

"పౌడరు పడిందే."

"నేను పళ్ళెం మీదుంటే నువ్వు తుమ్మావక్కా! నా గుండె జారిపోయింది తెలుసా?" డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదిలింది. తన్మయి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఆ చెయ్యి అలా వేలాడెయ్యకు! కృష్ణుడిలా ఉండొద్దా? నడుం మీద పెట్టుకో!"

నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను. బస్టాండులో జనం అటూ ఇటూ తోసుకుపోతున్నారు. సత్తిబాబు వెనకనుంచి పిలుస్తున్నాడు. బస్సు రేపిన దుమ్మంతా వచ్చి మొహానికి కొట్టింది. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను. తుమ్మలేదు.